సైరన్‌కు లేచే పేగులు

పేగు కోసి కుట్టించుకున్న మనిషి మంచం దగ్గరికి వెళ్లి మొదట అడగాల్సింది "నొప్పి ఎట్లుంది" అని కాదు. "గాలి పోయిందా" అని. ఇరవై మూడేళ్ల వయసులో ఈ ప్రశ్న అడగడానికే నాకు జీతమిచ్చి పెట్టుకున్నారు. మా ఇంట్లోవాళ్లు మాత్రం, మావాడు సర్జన్ గారి పరిశోధనలో సాయం చేస్తున్నాడని కాలనీ అంతా చెప్పుకునేవారు. రెండూ నిజమే.

ఇప్పుడు వార్డుల్లో పనిచేస్తున్న పిల్లలు కనపడితే "మీ రోజుల్లో ఎట్లుండేది?" అని అడుగుతుంటారు. గొప్పగా ఉండేదని చెబుతానని వాళ్ల ఆశ. మా రోజుల్లో కూడా దూది అయిపోయేది, కత్తెరలు మాయమయ్యేవి, చూడకుండానే రాతలు జరిగేవి. దూదికీ కత్తెరలకూ నాకూ సంబంధం లేదు. మూడోది నా ఘనకార్యం. అందుకే చెబుతున్నాను.

ఎనభైల చివర్లో, గోదావరిఖని చుట్టుపక్కల ఒక దవాఖానలో నేను డ్రెస్సర్‌ని. అంటే గాయాలు కడిగి కట్లు కట్టేవాణ్ణి. ఏ దవాఖానో చెప్పను. చెబితే ఇప్పుడక్కడ ఉన్నవాళ్లు నా మీదికి తగాదాకొస్తారు. మా సర్జన్ గారు కోస్తా నుంచి వచ్చినాయన. మాట తక్కువ, కుట్టు సన్నం. ఆయన కుట్టిన పొట్టను చూసి మా హెడ్ సిస్టర్ "ఇంత మంచిగా నా జాకెట్ కూడా కుట్టరు బయట" అనేది. ఆయనకు దక్కిన బిరుదుల్లో నాకు తెలిసి అదే పెద్దది.

ఆయన పరిశోధన ఇది. పేగు కోసి అతికించేటప్పుడు అప్పట్లో చాలామంది రెండు వరసల కుట్టు వేసేవారు. తర్వాత నాలుగైదు రోజులు నోట్లో చుక్క నీళ్లు పోయకుండా సెలైన్ సీసా మీద బతికించేవారు. మా సార్ ఒక్క వరసే వేసేవారు. పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి పేగు కదులుతోందని విని, ఆపైన గాలి కూడా పోతే వెంటనే గంజి పట్టించేవారు. "గోడ కట్టాలంటే ఇటుకలు పంపాలి కదయ్యా. పస్తుపెడితే గాయం దేంతో మానుతుంది?" అనేవారు. లోపలి కుట్టూ, పైనున్న గాయమూ ఈ పద్ధతిలో ఎలా మానుతున్నాయో చూడ్డానికి ఒక లావుపాటి రిజిస్టరు పెట్టారు. టైఫాయిడ్‌తో పేగుకు చిల్లుపడ్డవాళ్లు, గనిలో బొగ్గు మోసే టబ్బు బండి పొట్టకు గుద్దుకున్నవాళ్లు, పేగు మెలిపడ్డవాళ్లు, అందరూ అందులోకి ఎక్కేవారు. గాయం ఎరుపు ఎప్పుడు తగ్గింది, చీము పట్టిందా, కుట్లు ఏ రోజు తీశాం, ఇవన్నీ నేనే రాసేవాణ్ణి. నా దస్తూరి బాగుంటుందని నన్నే ఎంచుకున్నారు. దస్తూరి బాగున్నవాడు రాసేది కూడా బాగుంటుందని పెద్ద చదువులు చదివినవాళ్లు నమ్ముతారు.

గాయం గడులన్నీ నేను నిజాయితీగానే నింపాను. గాయం నా కళ్లముందుండేది. చిక్కంతా "గాలి పోయిన సమయం" అన్న గడితోనే వచ్చింది.

మీరే ఆలోచించండి. గనిలో పాతికేళ్లు పనిచేసిన మనిషి, చుట్టూ వియ్యాలవారు పండ్లు పట్టుకుని కూర్చున్నారు. నేను పెన్ను తీసి "అన్నా, గాలి పోయిందా?" అంటాను. ఒకాయన దుప్పటి ముఖం మీదికి లాక్కుని లోపల్నుంచి అన్నాడు: "మా అత్త ముంగట అడుగుతవేందిరా, నీ నోట్ల మన్నువడ!" ఇంకొందరు తెలివైనవాళ్లు. గాలికీ గంజికీ లంకె ఉందని కనిపెట్టేశారు. నేను నోరు తెరవకముందే "పోయింది తమ్మీ, రెండుసార్లు పోయింది, జల్ది గంజి చెప్పు" అనేవారు.

నా డ్యూటీ పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు వరకు. వచ్చీరాగానే ఒకసారి, పోయేముందు ఒకసారి అడిగేవాణ్ణి. ఎవరు అవునన్నా ఆ టైమే వేసేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడం కూడా తగ్గించాను. రెండో రోజో మూడో రోజో మనిషి ముఖం కాస్త తేటగా కనిపిస్తే, ఏడు గంటలు. ఇంటికి పోయే తొందరలో ఉంటే, మూడు గంటలు. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోనే పోతుంది కదా, కాస్త అటూ ఇటూ అయితే ఏమిటని నా వాదన.

రిజిస్టరు మూడొంతులు నిండాక ఒకరోజు సార్ నన్ను తన గదికి పిలిచారు. బల్లమీద గళ్ల కాగితం. దానిమీద చుక్కలు. ఆయన కళ్లలో నేనెప్పుడూ చూడని వెలుగు.

"ఇలా చూడయ్యా. ఏడు, మూడు. ఏడు, మూడు. మధ్యలో దాదాపు ఖాళీ."

చూశాను. నా బద్ధకం రెండు నిలువు వరసల్లో బారులు తీరి నిలబడి ఉంది.

"ఏడుకీ మూడుకీ ఏముంది ఇక్కడ?" అని ఆయనే అడిగి ఆయనే జవాబిచ్చారు. "సైరన్! షిఫ్టు సైరన్. ఏళ్లతరబడి సైరన్‌కు లేచి, సైరన్‌కు తిని, సైరన్‌కు పడుకున్న మనుషులు. మత్తులోంచి పేగు కూడా షిఫ్టు టైముకే లేస్తోందన్నమాట! ఆడవాళ్లలోనూ ఇంతే. ఇంట్లో అందరూ దానికే లేస్తారుగా మరి."

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ నాకొక రోగముంది. గంభీరమైన మాట వినబడితే దానిమీద ఒక జోకు వెయ్యందే నిద్రపట్టదు.

"అవును సార్," అన్నాను. "మా నాయనకు కూడా సైరన్ మోగందే కడుపు కదలదు. సమ్మె జరిగితే ఇంట్లో ఆయనకు ఆముదం పట్టాలె."

సార్ నవ్వలేదు. పెన్ను తీసి రాసుకున్నారు.

ఇంకో నెలకు ఆ సంగతి టైపు కాగితాల మీదికి ఎక్కింది. హైదరాబాదులో డాక్టర్ల సభలో ఆయన దాన్ని చదవబోతున్నారు. గురువారం సాయంత్రం రామగుండం స్టేషన్లో రైలు. నేను వార్డంతా తిరిగి ఈ సైరన్ సిద్ధాంతాన్ని నవ్వుతూ ప్రచారం చేశాను. ఎవరికీ నష్టం లేదనే అనుకున్నాను.

ఆ వారం సోమవారం ఒక సర్దార్‌ను తీసుకొచ్చారు. సర్దార్ అంటే గనిలోపల ఒక భాగానికి జవాబుదారీ. షిఫ్టు దిగకముందే తను ముందు వెళ్తాడు. పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వింటాడు. దీపం పెట్టి చెడుగాలి ఉందేమో చూస్తాడు. చూసిన చోటల్లా సుద్దముక్కతో తారీఖు, తన పేరులో పొడి అక్షరాలు వేస్తాడు. పైకొచ్చి రిపోర్టు పుస్తకంలో సంతకం పెడితేనే మిగతావాళ్లు లోపలికి అడుగుపెట్టాలి. ఈయనకు యాభై దాటాయి. పేగు మెలిపడి, పొట్ట బిగిసి వచ్చాడు. సార్ నల్లబడిన ముక్క కోసేసి, మంచి కొసలు రెండూ ఒక్క వరసలో కుట్టారు.

బుధవారం సాయంత్రం స్టెతస్కోపు పెట్టి విని, "కొంచెం కదలిక ఉన్నట్టే ఉంది. గాలి పోగానే గంజి మొదలుపెట్టండి" అని చెప్పి వెళ్లారు.

గురువారం పొద్దున నేను వచ్చాను. సర్దార్ కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. లేపడమెందుకని రిజిస్టరు తీసి "ఉదయం ఏడు గంటలు" అని అందంగా రాశాను. అది చూసి హెడ్ సిస్టర్ గంజి తెమ్మంది. ఆయన భార్య రెండు రోజులుగా ఫ్లాస్కులో గంజి పట్టుకుని ఆ మాట కోసమే కూర్చుని ఉంది. గ్లాసులో పోసి నోటిదాకా తెచ్చింది.

సర్దార్ ఒక కన్ను తెరిచాడు. "ఏందిది?"

"గంజి కాకా. గాలి పోయింది గదా," అన్నాను.

"ఎవలకు?"

"నీకే."

"నాకు పోతే నాకు ఎర్కుండదా? ఎవలు చెప్పిండ్రు?"

నేను రిజిస్టరు చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి, తన పేరున్న వరస చివరిదాకా చదివాడు. ఆ తర్వాత పై పేజీలు తిరగేశాడు. రిపోర్టు పుస్తకం చదివే మనిషి అలాగే చదువుతాడని నాకు అప్పుడు తెలియదు.

"చూసినవా, రాసినవా?" అన్నాడు.

"రాసిన కాకా. అందరికీ గా టైముకే పోతది. సార్ కూడా కనిపెట్టిండు. సైరన్..."

"ఈడికి రా. కూసో."

కూర్చున్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"ఒకసారి నేను గూడ గిట్లనే రాసిన. వానకాలం. ఆఖరి వరస దాక పోలే. పైనే హోటల్ల చాయ్ తాక్కుంట 'అంత మంచిగుంది' అని సంతకం పెట్టిన. నిన్న మంచిగనే ఉండె, ఇయ్యాల ఏమైతది అనుకున్న. గా ఆఖరి వరసల్నే కప్పు కూలింది. ఒకని చెయ్యి బండకింద పడ్డది."

"చచ్చిపోయిండా?"

"బతికిండు. మా వాడకట్టుల్నే ఉంటడు. చెయ్యి అతికింది, గాయం మానింది. గానీ బొగ్గు లోపల్నే ఉండిపోయింది. మోచేతి నుంచి మణికట్టు దాక నీలం గీత. వాడు నాకు దండం పెట్టినప్పుడల్ల గా గీత నా ముంగటికొస్తది. వానికి నేను చూడకుంట రాసిన్నని గీ రోజుదాక ఎర్కలేదు." గ్లాసును భార్య వైపు నెట్టాడు. "తీసుకపో. నా సంతకం లేని గంజి నేను తాగ."

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ పొద్దున వెతికాను, దొరకలేదు. రిజిస్టరు పట్టుకుని సార్ గదికి నడిచాను. గుమ్మం దగ్గర సూట్‌కేసు సర్ది పెట్టి ఉంది.

"సార్, ఆ ఏడు గంటలు నావి."

"అంటే?"

"పేగులవి కావు సార్. నేను డ్యూటీ ఎక్కేది ఏడింటికి. దిగేది మూడింటికి."

ఆయన గళ్ల కాగితం తీసి చాలాసేపు చూశారు. గోడ మీద బల్లి కూడా కదల్లేదని రాయాలనుంది గానీ, ఆ గదిలో బల్లి లేదు.

"మరి మీ నాన్నగారి సంగతి?"

"అది... ఊరికే అన్న సార్."

"మూడో పేజీలో ఉంది."

తిట్టలేదు. తిడితే కొంచెం తేలికయ్యేది. సొరుగులోంచి ఎర్ర పెన్సిల్ తీసి ఇచ్చారు. "నువ్వు స్వయంగా తెలుసుకుని రాసినవి ఉంచు. మిగతావి కొట్టెయ్." ఆయన ముందే కూర్చుని కొట్టేశాను. గాయం గడులు నిలిచాయి. గాలి గడులు దాదాపు అన్నీ పోయాయి. ఆ రిజిస్టరుకు నెత్తురు కారినట్టుందని రాద్దామనుకున్నాను గానీ, నిజానికి ట్యూషన్ పిల్లవాడి లెక్కల పుస్తకంలా ఉంది.

సార్ ఫోనెత్తి హైదరాబాదుకు ట్రంకాల్ బుక్ చేశారు. లైను కలిశాక ఒకే ముక్క అన్నారు: "నా పేపరు తీసెయ్యండి. లెక్క తప్పింది." ఎవరి లెక్కో చెప్పలేదు. తర్వాత నన్ను అడిగారు: "సర్దార్ గంజి తాగాడా?"

"లేదు సార్. మేం ఇయ్యబోయినం, ఆయనే తాగలే."

ఆయన అప్పటికే లేచి వార్డువైపు పరుగులాంటి నడక నడుస్తున్నారు.

సర్దార్ పొట్ట రాత్రికంటే ఉబ్బి ఉంది. సార్ ఎడమ చెయ్యి పొట్టమీద పెట్టి, కుడిచేతి వేలితో తట్టి చూశారు. డప్పు మోగినట్టు మోగింది. స్టెతస్కోపు పెట్టారు. చాలాసేపు విన్నారు. ఏమీ లేదన్నట్టు ముక్కు చిట్లించారు.

"పైకప్పు తట్టినట్టు తడుతున్నరు సార్," అన్నాడు సర్దార్. "బోలు చప్పుడొస్తే మా తాన మంచిది కాదంటం."

"మా దగ్గర కూడా," అన్నారు సార్.

ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. పచ్చటి నీళ్లు వచ్చాయి. బయటికొచ్చాక సార్ నాకు ముక్తసరిగా చెప్పారు. పేగు బద్ధకించి ఉండొచ్చు, అదైతే లేస్తుంది. లేదా లోపల కుట్టు ఊడుతూ ఉండొచ్చు. రేపు మధ్యాహ్నం లోపల కదలిక రాకపోతే పొట్ట మళ్లీ తెరవాలి. ఆ వయసులో, నాలుగు రోజుల్లో రెండోసారి. "పొద్దున ఆ గంజి పోసి ఉంటే..." అని ఆగిపోయారు. నేను రిజిస్టరులో ఎన్నిసార్లు ఏడు గంటలని రాశానో ఆయన మనసులో లెక్కపెడుతున్నారని తెలుస్తూనే ఉంది. అంతకుముందు వాళ్లందరూ నిలబడింది ఆయన కుట్టు బలంతో. నా రాతతో కాదు.

ఆ రోజు మూడింటికి నేను దిగిపోలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సైరన్ మోగింది. వార్డు వార్డంతా తలలు తిప్పి సర్దార్ పొట్టవైపు చూసింది. పొట్ట సైరన్‌ను లెక్కచెయ్యలేదు.

"ఏందిరా, మీ సార్ మాట కూడ ఇనదా నా కడుపు?" అన్నాడు సర్దార్, ముక్కులో గొట్టంతో.

"మేనేజ్‌మెంట్ మాట ఎప్పుడిన్నవు కాకా నువ్వు?" అన్నాను. నవ్వబోయి, కుట్లు గుంజి "అమ్మా" అన్నాడు. ఆయన భార్య నన్ను ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు ఏ డ్రెస్సింగూ పనిచెయ్యదు.

శుక్రవారం పొద్దున కూడా అంతే. ఏడింటి సైరన్ మోగింది, ఏమీ లేదు. సార్ తొమ్మిదింటికి వచ్చి తట్టి, విని, "పన్నెండుకు థియేటర్" అన్నారు. అవతల ఆపరేషన్ సామాన్లు నీళ్లలో ఉడుకుతున్న చప్పుడు వినబడుతోంది. హెడ్ సిస్టర్ ఆపరేషన్‌కు ఒప్పుకోలు కాగితం తెచ్చింది. అందరూ దాని మీద కళ్లు మూసుకుని వేలిముద్రో సంతకమో పెట్టేవారు. సర్దార్ కళ్లజోడు అడిగాడు.

"మొత్తం చదువుతవా కాకా?"

"చదవకుంట పెడితే నీకూ నాకూ ఫరక్ ఏముంది బిడ్డా?"

మొదటి వరస చదివాడు. రెండో వరస చదివాడు. ఆయన భార్య ఫ్లాస్కును ఒడిలో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. మూడో వరస మధ్యలో ఆయన వేలు ఆగింది.

"ఉండు," అన్నాడు.

అందరం ఉన్నాం.

ఆ చప్పుడు గురించి ఎలా రాయాలో ముప్పై ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. ఉరుములా అని రాస్తే బాగుంటుంది. కాదు. కొత్త చెప్పు గచ్చు మీద జారితే వస్తుంది చూడండి, అంతే.

"అయ్యిందా?" అంది ఆయన భార్య.

"అయ్యింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. పక్క మంచం మీది ఆయన చప్పట్లు కొట్టాడు. ఇంకొకాయన "జిందాబాద్" అన్నాడు. ఒక మనిషి ఆ పని చేసినందుకు పదిమంది చప్పట్లు కొట్టడం నేను మళ్లీ చూడలేదు.

సర్దార్ మాత్రం చొక్కా జేబు తడమమన్నాడు. తలగడ కింద మడిచిపెట్టిన చొక్కాలో అరిగిపోయిన సుద్దముక్క ఉంది. వార్డు గడియారం చూసి, మంచం తలాపున గోడమీద తారీఖు వేసి, "11-20" అని రాసి, కింద పొడి అక్షరాలు వేశాడు. "గోడ, గోడ!" అని హెడ్ సిస్టర్ అరుస్తూనే ఉంది.

ఆపరేషన్ గౌనుతోనే సార్ వచ్చారు. ముందు గోడ చదివారు. తర్వాత తన చేతి గడియారం చూసుకున్నారు.

"వార్డు గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. పదహారు."

సర్దార్ బొటనవేలితో ఇరవైని చెరిపి పదహారు రాశాడు. సార్ స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. "థియేటర్లో స్టవ్వు ఆర్పమనండి," అన్నారు. నావైపు తిరగకుండానే కళ్లు తుడుచుకున్నారు. చెమట అయ్యుంటుంది.

ఆ తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. సర్దార్ పొట్టమీది గాయం చీము లేకుండా, దారంలా సన్నగా మానింది. కుట్లు తీసిన రోజు ఆయన దాన్ని అద్దంలో చూసుకుని, "నా ఒంటి మీద బొగ్గు లేని గాయం గిదొక్కటే" అని మురిసిపోయాడు. ఇంటికి పోయాక నీలం గీత మనిషి దగ్గరికి వెళ్లి ఆ పాత సంగతి చెప్పాడట. ఆయన ఏమన్నాడో నేను అడగలేదు. సుద్దముక్క మాత్రం మా వార్డులో ఉండిపోయింది. గాలి పోగానే ఎవరి గోడమీద వాళ్లే టైము వేసుకునేవారు. నాకు అత్తల ముందు అడగనక్కర్లేకపోయింది. ఏటా సున్నం వేసేదాకా ఆ గోడ మా ఇంటి గోడకన్నా నిజాయితీగా ఉండేది. సార్ మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి రెండేళ్లకు పైగా రాశారు, సభలో చదివారు. ఒక్క వరస కుట్టు నిలిచిందనీ, తొందరగా గంజి పోస్తే మా రోగుల గాయాలకు కీడేమీ కనబడలేదనీ అందులో ఉంది. చుక్కలు మాత్రం ఇరవై నాలుగు గంటలూ చెల్లాచెదురుగా పడ్డాయి. పేగుకు సైరన్ వినబడదు. మేం చివరికి కనిపెట్టింది అదీ.

కానీ నాకు గుర్తుండేది ఆ శుక్రవారం మధ్యాహ్నమే. సార్ కొత్త రిజిస్టరు తెప్పించి, ఆయనే స్కేలు పెట్టి గీతలు గీశారు. పాతదాంట్లో లేని గడి ఒకటి చివర చేర్చారు. దానిపైన "ఎవరు చూశారు" అని రాసి, రిజిస్టరు నాముందు పెట్టారు. మొదటి వరసలో సర్దార్ పేరు రాశాను. సమయం రాశాను. పదకొండూ పదహారు. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. చూశానని రాయలేను. అది చూసేది కాదు. ఇక జన్మలో చూడనిది రాయనని పొద్దున్నే ఒట్టు వేసుకున్నాను. కాసేపు ఆలోచించి, ఆ గడిలో "విన్నాను" అని రాసి సంతకం పెట్టాను.

సార్ కళ్లజోడు సరిచేసుకుని చదివారు.

"ఎంత దూరం నుంచి?"

"రెండడుగులు సార్. స్టూలు మీద."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. పెన్ను మళ్లీ నా చేతిలో పెట్టారు.

"అదీ రాయి."